మంచు మీద ముహూర్తం

జూన్ 5, 1938. ఆదోని.

ఇంటికి వచ్చాను. అక్క రాలేదు.

జూన్ 8.

రాయాలి. నేను రాయకపోతే గుండాచార్లు చెప్పేదే జరిగినదైపోతుంది. ఇప్పటికే సగం అయిపోయింది. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లదీ ఒకే పాట. "ఎంత పుణ్యం సేసుకునిందో మీయక్క. కేదారంలో పోయింది. మనకొస్తాదా అట్లా సావు?" వాళ్ల గొంతులో దుఃఖం కన్నా అసూయే ఎక్కువ. పోయిందట! ఉరుకుందమ్మ పోలేదయ్యా, చంపారు. ఎవరు చంపారో, దేనితో చంపారో రాసుకుంటాను. నా బుర్రలోకి కూడా ఆ పాట చేరకముందే రాసుకుంటాను.

మే 9, సోమవారం. రాంబాడా గుడిసెల్లో ఉన్నాం. అక్కడినుంచి కేదారం ఒక్క పూట నడక. దారికి అడ్డంగా ఒక వాగు, వాగు నిండా మంచు, వాగు నెత్తిన నిట్టనిలువు చరియ, చరియ మీద చలికాలమంతా కురిసి పేరుకున్న మంచు. దాటడానికి వక్కాకు నమిలినంత సేపు చాలు. ఆ కాసేపే గండం.

దారి చూపే గుమాన్ సింగు ముందురోజే ఉర్దూలో నాకు చెప్పాడు, నేను తెలుగులో అందరికీ చెప్పాను. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు రాయిలా బిగుస్తుంది. తెల్లవారకముందే దాటాలి. ఎండ చరియను తాకిందంటే పైమంచు నీరు తాగి బరువెక్కుతుంది. అడుగు మంచుకూ దానికీ పట్టు తెగుతుంది. అప్పుడిక అది జారడానికి ఒక సాకు చాలు. మనిషి అడుగే ఆ సాకు. అందుకని ఒకరు దాటాకనే ఇంకొకరు.

ఇందులో అర్థం కానిదేముంది? కాని మావాళ్లు ఆదోనివాళ్లు. వాళ్లెరిగిన మంచు సోడా అంగట్లో రంపపుపొట్టులో దాచిన గడ్డ. "సలి తగ్గి ఎండ పొద్దెక్కినాక పోతే మంచు కరిగి దారి మేలుగుంటాది గదప్పా," అన్నారు. చలిదేశపు మంచుకు పత్తిదేశపు తర్కం.

సరే, అది అజ్ఞానం. అజ్ఞానం క్షమించదగినదే. దాని పైన కూర్చున్నదాన్ని మాత్రం క్షమించను. యాత్రకు ముహూర్తాలు పెట్టేవారు మా ఇంటి పురోహితులు గుండాచార్లు. స్నానం లేకుండా స్వామి దగ్గరికెట్లా అన్నారు. తడికట్టెలతో నీళ్లు కాగాయి. స్వామికి మన చేతి నైవేద్యం కావాలన్నారు. మడివంట. వంట దిగేసరికి ఏడున్నర, సోమవారం రాహుకాలం. అది వదిలాక సంకల్పం, పూజ. పూజ ముగిసేసరికి పదిన్నర, యమగండం. నేను అరిచాను. "యమగండం నీ పంచాంగంలో లేదు, ఆ చరియ మీద ఉంది" అన్నాను. నోరు పారేసుకుంటానని అందరికీ తెలుసు కనుక ఎవరూ తలెత్తలేదు. అక్క మాత్రం, "ఈడ గూడానా పంపాపతీ, గమ్మునుండు," అంది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక, పరమ శుభఘడియలో బయలుదేరాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ ఆదోని ఎండలా కొట్టింది. కాలు మోకాలిదాకా దిగుతోంది. గుమాన్ సింగు ఒక్కొక్కరే, ఒక్కొక్కరే అని మొత్తుకున్నాడు. ఆడవాళ్లు భయపడి ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. తిరునాళ్లలో తప్పిపోకుండా పట్టుకున్నట్టు.

మిద్దెమీద నుంచి పత్తిబేళ్లు దొర్లినట్టు మెత్తటి దెబ్బ. అంతే.

నన్ను నడుముదాకా పూడ్చి వదిలింది. గుమాన్ సింగు తవ్వి లాగాడు. కుడికాలి వేళ్లు హరిద్వారంలో తీసేశారు. కొంగులు పట్టుకున్న ముగ్గురిలో ఒక్కరూ దొరకలేదు. చీకటిదాకా కర్రలు గుచ్చారు. అక్క చెంబు దొరికింది.

ముందుగా దాటినవారు గుండాచార్లు. క్షేమంగా ఉన్నారు.

జూన్ 9.

నిద్ర లేదు. కళ్లు మూస్తే తెలుపు.

జూన్ 21.

గుండాచార్లు వచ్చారు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి విషయం చెప్పారు. స్టేషను దగ్గరి సత్రంలో చలవరాతి పలక వేయిస్తారట. 'సశరీరంగా కైలాసం చేరిన ధన్యులు' అని.

"సశరీరంగానే చేరింది," అన్నాను. "శరీరం మీరు తెచ్చిచ్చింటే గదా, లేదనేకి."

"కోపం సహజమేనయ్యా. నీకు అక్క అయినట్టే ఆమె నాకు శిష్యురాలు. నాకు మాత్రం కడుపు కాలదా?"

"కాలితే ఒక్క మాట అనండి. తెల్లారుజామున పోయింటే బతికేవాళ్లని అనండి. పలక మీద అదే చెక్కించండి."

ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. తర్వాత అన్నారు: "అంటే చచ్చినవాళ్ల ఇండ్లలో ఏమవుతుంది? ఇప్పుడు వాళ్లు ఏడుస్తున్నారు. ఆ మాట వింటే ఏడవలేరు గూడా."

ఏమిటీ తర్కం! దొంగ తర్కం. కాని లోపలినుంచి నా భార్య సులోచన వింటోంది. ఆయన వెళ్లాక గ్లాసు తీసుకుపోయి కడిగింది.

తొమ్మిదేళ్ల పిల్లగా ఈ ఇంటికొచ్చింది సులోచన. తల దువ్వింది, జడ వేసింది, చదువు చెప్పింది అక్కే. నాకు అక్క. సులోచనకు అమ్మ.

జూలై 3.

మా పత్రిక 'చెర్నాకోల' ఈ వారం మొత్తం ఒకే వ్యాసం. 'అక్కను చంపింది మంచు కాదు.' మంచు ఎట్లా బిగుస్తుంది, ఎట్లా జారుతుంది అన్నీ రాశాను. కాని రాహుకాలాన్ని, దాన్ని నమ్మే గొర్రెలను తిట్టిన భాగం ఎక్కువైందని రసూల్ సాబు అంటాడు. మా ప్రెస్సులో అచ్చులు కూర్చేవాడు. అక్షరమక్షరం వేలితో పట్టి కూర్చాడు కనుక అనే హక్కు ఉంది.

"అన్నా, మంచు సంగతి అర పేజీ. తిట్లు మూడు పేజీలు. నా పెట్టెలో 'గొర్రె'కు గకారాలు అయిపోయినాయి."

"గొర్రెల్ని గొర్రెలనక ఏమనాల?"

"గొర్రెను గొర్రె అంటే ఒడ్డెక్కుతాదా? దాని బాసలో పిలవాల."

నవ్వాను. చాలా రోజులకు.

జూలై 24.

పత్రికలు తిరిగొస్తున్నాయి. 'తీసుకోలేదు' అని రాసి. ఒక దాని మీద పేడ.

నవంబరు 13.

పత్తి దిగింది. ఊరంతా బండ్లు. ఊపిరి పీలిస్తే నూగు.

ఈ రోజు మండీలో నలుగుర్ని పోగేసి చూపించాను. ఏటవాలుగా చెక్క పెట్టాను. అడుగున నిరుటి పత్తి తడిపి అదిమాను. పైన కొత్త పత్తి వదులుగా పోశాను. కొద్దికొద్దిగా నీళ్లు చల్లాను. చివరకు వేలితో ఒక్క పోటు. పైపొర మొత్తం ఒక్కసారి జారి శెట్టిగారి చెప్పుల మీద పడింది. సరిగ్గా అట్లాగే.

వాళ్లు పడీపడీ నవ్వారు. "పంపాపతన్నకు కాలుతోపాటు ఇంకోటి గూడా కోసినట్టుండారప్పో డాక్టర్లు!"

ఇదీ నా జనం. వీళ్ల కోసమే నేను ఇరవయ్యేళ్లుగా గొంతు చించుకుంటున్నది.

జనవరి 22, 1939.

"నేను పోతాండాను," అంది సులోచన, అన్నం పెడుతూ.

"యాడికి?"

"వదిన కాడికి."

ఎమ్మిగనూరు నేతగాళ్లు కొందరు ఈ సారి కేదారం పోతున్నారట. మగ్గాల వీధి పెద్ద పుల్లన్న తీసుకుపోతున్నాడు. మా వీధి ఆడవాళ్లూ చేరారు. ఆ వాగు దగ్గర అక్కకు నీళ్లు వదలాలట. ఏడాది లోపల వదలాలట.

నీళ్లు వదలడం ఎంత అర్థం లేని పనో చెప్పాను. నా దగ్గరైతే వాదనలున్నాయి, అన్నీ చెప్పాను. అన్నం చల్లారిపోయింది. ఆమె విని, "మీరు సెప్పేదంతా నిజమే," అంది. "అయినా పోతాను. ఆమెను మంచులో వొదిలేసి వొచ్చినారు మీరు. మీకు కాలుండింటే మీరు గూడా పోయేవాళ్లే."

నేను పోయేవాణ్ని కాను. అని అనలేదు.

జనవరి 23.

ఈ కాలితో గేటు దాకా నడవడమే గగనం. కొండ మాట దేవుడెరుగు. (దేవుడెరుగు! నా కలంలో ఎక్కడినుంచి వస్తాయో ఈ మాటలు.)

ఫిబ్రవరి 12.

ఎమ్మిగనూరు వెళ్లి వచ్చాను. బస్సులో ఎముకలు లెక్కకొచ్చాయి.

పుల్లన్న మంచివాడు. నేతగాళ్ల నూలు కొరత మీద నేను రాసినప్పుడు పత్రికను వీధిలో నిలబడి చదివి వినిపించినవాడు. నేను వెళ్లేసరికి మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. గుంటలో కాళ్లు, నడుముదాకా నేల, పైన మనిషి. లేచి బయటికి రమ్మన్నాను. ఎందుకన్నాడు. చెప్పలేదు.

భజన గుడిలో జనాన్ని కూర్చోబెట్టాడు. గంటన్నర మాట్లాడాను. మంచుతో మొదలుపెట్టాను, ఒట్టు. కాని ఎదురుగా ఒకాయన నిద్రపోతున్నాడు, ఇంకొకాయన జపమాల తిప్పుతున్నాడు, నోరు ఆగలేదు. పంచాంగాలను తగలబెట్టమన్నాను.

పుల్లన్న నన్ను బస్సు దాకా సాగనంపాడు. "అన్నా, నువ్వు నూలు గురించి రాసినప్పుడు మాకు కడుపు నిండింది. ఇప్పుడు ఇంత సేపు మాట్లాడినావే, తెల్లారుజామున దాటాలన్న మాట ఒగటే నా సెవిన పడింది. మిగిలిందంతా మమ్మల్ని దుమ్మెత్తి పోసేదే."

"ఆ ఒగటి పడింది గదా. అది పట్టుకో."

"నేను పట్టుకుంటే సాలదు గదన్నా. మడి ఉండాది, రావుకాలముండాది. నేను సెప్తే వింటారా వీళ్లు? నీ మాట ఇని వొచ్చినానంటే ఈదిలోకి రానీరు." తర్వాత నవ్వాడు. "నీ మాటలో నిజముండాది గాని నువ్వు సెప్తే సేదుగుంటాది. వేపాకు పచ్చడి."

మార్చి 22.

ఉగాది. ఇంట్లో వేపపువ్వు పచ్చడి ఎవరూ చేయలేదు. పచ్చడి అనుకోగానే పుల్లన్న మాటే గుర్తొస్తోంది.

ఈ యేడు అక్షయతృతీయ ముందే వచ్చింది. ఏప్రిల్‌లోనే. కేదారం తలుపులు కూడా ముందే తెరుస్తారట. పంచాంగం ముందుకొచ్చింది గాని మంచు వెనక్కి పోదు గదా. నిరుటి కన్నా ఎక్కువే ఉంటుంది.

మార్చి 26.

చేయనని ఒట్టుపెట్టుకున్న పని చేశాను. గుండాచార్ల ఇంటికి పోయాను. ఈ సారి ఆయన యాత్రకు పోవడం లేదు, కాని ముహూర్తాలన్నీ రాసిచ్చేది ఆయనే. బ్రాహ్మీ ముహూర్తంలో వాగు దాటాలని రాసివ్వమన్నాను. మీ శాస్త్రంలోనే ఉంది గదా బ్రాహ్మీ ముహూర్తం అన్నాను. నా నోటితో!

ఆయనకు ఎగతాళి చేసే సందు దొరికింది. చేయలేదు. నా కాలి వంక చూశారు.

"రాసిస్తాను. కాని మడి, స్నానం, నైవేద్యం వద్దని రాయలేను. అవి ఉంటే చీకటితో కదలరు. ఇన్ని తరాలుగా చెప్పింది ఒక్క పూటలో ఎట్లా వద్దంటాను? అనడానికి నేనెవరు?"

"అయితే చావనిస్తారా?"

"శాస్త్రాన్ని నేను దిద్దలేనయ్యా." చాపలోంచి ఒక పుల్ల పీకారు. "చచ్చిన ముత్తైదువో, తల్లో కలలో కనబడి ఇట్లా చెయ్యండి అంటే, దానికి మడి లేదు, తిథి లేదు. కలకు రాహుకాలం లేదు."

లేచి వచ్చేశాను. ఇంత నీచమైన సలహా ఈ ఊళ్లో ఇంతవరకు ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు.

మార్చి 27.

నిద్ర లేదు.

మార్చి 29.

నిద్ర లేదు. సులోచన మూట కడుతోంది. అక్క చెంబు పెట్టుకుంది.

ఏప్రిల్ 2, ఆదివారం.

చెప్పాను.

ఎమ్మిగనూరులోనే, అదే భజన గుడిలో. అక్క కలలో వచ్చిందన్నాను. 'సూర్యుడు తాకకముందే నన్ను దాటండి' అన్నదన్నాను. అంతే. ఒక్క మాట. గంటన్నర వినని జనం ఒక్క మాటకు లేచి నిలబడ్డారు. ఫిబ్రవరిలో నన్ను చూసి ఉమ్మిన ముసలమ్మ నా కాళ్ల మీద పడింది, కోసిన కాలి మీదే.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ చీర కట్టుకుంది? పచ్చ చీర. (అక్కకు పచ్చ చీర లేదు.) స్నానం చేసి దాటాల్నా, చేయకుండానా? చేయకుండా, విభూతి చాలునంది. నైవేద్యం? దాటినాకనే. రావుకాలం? నా దగ్గర రావుకాలం లేదంది. మడి? మంచే మడి అంది.

'మంచే మడి!' ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. పుల్లన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఇప్పుడు సెప్పినావన్నా మా బాసలో."

ఇరవయ్యేళ్ల 'చెర్నాకోల' చేయలేనిది ఒక్క కల చేసింది. మడి రద్దు, రాహుకాలం రద్దు, యమగండం రద్దు. అబద్ధమే, అయితేనేం? మందులో బెల్లం కలపమా? రోగి బతకడం ముఖ్యమా, వైద్యుడి వ్రతం ముఖ్యమా? దీనికి ఎవరైనా జవాబు చెప్పండి చూద్దాం.

ఎవరూ చెప్పరు.

ఏప్రిల్ 3.

రసూల్ సాబు జవాబు చెప్పాడు. "రేపట్నుంచి నిన్నేమని పిలవాలన్నా? పంపాపతి పీరు అనా? దర్గా ప్రెస్సులోనే కడదామా, స్టేషను కాడా?"

"ప్రాణాలు నిలబడతాయిరా."

"నిలబడనీ. నేను కాదంటానా? అయితే పీరు ఒగసారి నోరు తెరిస్తే మళ్లా మాట మార్చేకి ఉండదు. అదొగటి సూసుకో."

ఏప్రిల్ 8.

రాయచూరు బండికి ఎక్కించాను. స్టేషను నిండా జనం. నా కాళ్లకు దండాలు పెట్టేవాళ్లతో కదలడానికి లేదు.

సులోచనను ఒక్కదాన్ని స్తంభం చాటుకు తీసుకుపోయి చెప్పాను. చీకటితో దాటితే చాలదు. రాత్రి మబ్బు పడితే మంచు బిగవదు. కొత్తగా కురిసి ఉంటే పాతదానికి అంటుకోదు, చీకటైనా ఒకటే వెలుతురైనా ఒకటే. అడుగు వేసి చూడు. కాలు దిగిందా, ఆగిపో. ఒక రోజు, రెండు రోజులు, ఎన్నైనా సరే.

"ఇది గూడా వదిన సెప్పిందా?"

"కాదు. నేను సెప్తాండాను."

"అయితే వింటాను," అంది. "మీకు కలలెట్లా వొస్తాయి? మీరు పండుకుంటే గదా."

ఆమెకు మొదటినుంచీ తెలుసు.

పుల్లన్నకు చెప్పే వీలు చిక్కలేదు. జనం. కలలో 'అయితే' అనే మాట ఉండదు. అక్క అన్నిటికీ ఒకే మాట చెప్పింది, దానికి తోకలు తగిలిస్తే మొదటికే మోసం వస్తుంది. సులోచన చెబుతుంది వాళ్లకు.

ఏప్రిల్ 17.

హరిద్వారం నుంచి కార్డు. అందరూ క్షేమం. పుల్లన్న దారిపొడవునా అక్క పాట కట్టి పాడిస్తున్నాడట. పాట కూడా కట్టారన్నమాట.

ఏప్రిల్ 25.

ఎండలు. మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా లేదు. ఇక్కడ కూర్చుని మంచు గురించి ఆలోచించడం ఒక రకం పిచ్చి. పుల్లన్నకు స్టేషనులో చెప్పాననే గుర్తు. తల ఊపినట్టే ఉంది.

ఏప్రిల్ 29.

పుల్లన్నకు చెప్పాను. బండి కదులుతుండగా. తల ఊపాడు.

మే 4.

టెలిగ్రాము. రసూల్ సాబు చదివాడు. నాకు అక్షరాలు నిలవలేదు.

'నేను క్షేమం. పుల్లన్న, మరి నలుగురు లేరు. సులోచన.'

మే 5.

నేను క్షేమం అన్న ముక్క దగ్గరే ఆగుతున్నాను. పదే పదే. తర్వాతి ముక్క దాకా పోను.

మే 24.

సులోచన వచ్చింది. మొహం చలికి కాలి నల్లబడింది. స్నానం చేసి, అన్నం తిని, నా ఎదుట గోడకానుకొని కూర్చుని చెప్పింది. ఏడవలేదు. ఆమె చెప్పినట్టే రాస్తాను.

"రాంబాడా చేరిన పొద్దు మధ్యాన్నం నుంచే మబ్బు. రేయంతా కురిసింది. పత్తి రాలినట్టు, సప్పుడే లేదు. దారి మనిషి పోవద్దన్నాడు. ఈసారి మనిషి వేరే. మూడు దినాలు ఎండి బిగిసేదాకా కూసోమన్నాడు. పుల్లన్న ఇనలే. 'ఆయమ్మ సెప్పింది గదా తల్లీ, సూర్యుడు తాకకముందే అని. సూర్యుడే లేడు, ఇంగ బయమేమి?' అన్నాడు.

"నేను అడుగేసి సూసినాను. తొడదాకా దిగింది. ఆడనే కూలబడినాను. రానన్యాను. కల అబద్దమన్యాను. మా ఆయప్పకు నిద్రే రాదు, కల యాడనుంచి వొస్తాదన్యాను. పుల్లన్న నవ్వినాడు. 'బయంతో మాట్లాడతాండావు తల్లీ, కూసో. మేము దాటి నీ పేర నీళ్లొదుల్తాం లే,' అన్యాడు. సెంబు నా సేతిలోనుంచి తీసుకున్యాడు. ఇద్దరు ఆడోళ్లు నాతో కూసున్యారు. మిగిలినోళ్లు లాంతరు పట్టుకోని పోయినారు. 'ఉరుకుందమ్మ తల్లికీ జై' అనుకుంటా.

"ఒక్కొక్కరే పోండని గూడా మీ కలలో లేదు గదా. అంతా కలిసే పోయినారు.

"లాంతరు కనబడతాండె. కనబడతాండె. మళ్లా కనబడలే."

అడిగాను. పుల్లన్నకు నేను స్టేషనులో చెప్పాను గదా, మబ్బుంటే ఆగమని, అన్నాను.

సులోచన నా వంక చూసింది. "మీరు సెప్పలే," అంది. "ఆయప్ప కాడికి మీరు పోనే పోలే."

జూన్ 11.

'చెర్నాకోల'. ఒకే పేజీ. తిట్టు ఒక్కటి లేదు, రసూల్ సాబు సాక్షి. కల అబద్ధం. నేను కట్టింది. గుండాచార్ల సలహా మీద కట్టింది నేనే. ఇవీ మంచు సంగతులు: తేటరాత్రి, బిగిసిన మంచు, తెల్లవారుజాము, ఒక్కొక్కరుగా. మబ్బురాత్రి, కొత్త మంచు, ఆగిపోవాలి. కలలు చూడకండి. అడుగు వేసి చూడండి.

ఊరంతా ఉచితంగా పంచాం.

జూన్ 14.

గుండాచార్లు దారిలో కనబడ్డారు. ఆ పేజీ చేతిలోనే ఉంది. ముసలితనం ఒక్కసారిగా మీద పడినట్టున్నారు. "ఎందుకయ్యా ఇదంతా," అన్నారు. "ఎవరూ నమ్మడం లేదు. నేను కూడా చెప్పి చూశాను, సలహా నాదేనని. పుల్లన్న తోలుచెప్పులతో ఆ మంచు తొక్కాడు, అందుకని ఆయమ్మకు కోపం వచ్చిందంటున్నారు. నేను చెప్పలేదయ్యా ఆ మాట. వాళ్లే పుట్టించుకున్నారు."

ఆయనకూ నాకూ ఇన్నేళ్లలో మొదటిసారి వాదించుకోవడానికి ఏమీ దొరకలేదు.

జూన్ 18.

ఎమ్మిగనూరు పోయాను. పుల్లన్న ఇంటికి. మగ్గం గుంట ఖాళీగా ఉంది. అతని భార్య మద్దమ్మ లోపలికి రమ్మనింది, మంచినీళ్లిచ్చింది. కల అబద్ధమని నేనే చెప్పాను ఆమెకు, మొహం ఎదుట.

ఆమె చెవులు మూసుకుంది. "అనొద్దన్నా. అది గూడా తీసేస్తే ఆయప్ప ఊరికే సచ్చిపోయినట్టు గదా."

అక్క పోయినప్పుడు గుండాచార్లు అన్న మాట ఇదే. అప్పుడు నేను దొంగ తర్కమన్నాను.

జూన్ 19.

నిద్ర లేదు.

జూలై 2.

పొద్దున తలుపు తీసేసరికి అరుగు మీద మనుషులు. హొళగుంద నుంచి నడిచొచ్చారట. భార్యాభర్తలు, ముసలితల్లి, ఇంకా ఎవరో. సగం కన్నడం, సగం తెలుగు. గడప మీద టెంకాయ పెట్టారు. వచ్చే యేడు కేదారం పోతారట.

"ఆయమ్మ ఈసారి ఏమి సెప్పిందో అడిగి పోదామని వొచ్చినామప్పా," అన్నాడు పెద్దమనిషి. సిద్దప్ప పేరు.

"ఏమీ చెప్పలేదు. ఆమె చచ్చిపోయింది. చచ్చినవాళ్లు చెప్పరు. ఆ కల నేను కట్టిన అబద్ధం. ఇదిగో, అచ్చేసినాను, చదువుకోండి."

పేజీ చేతికిచ్చాను. వాడు కళ్లకద్దుకుని మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

అరిచాను. ఐదుగురు చచ్చారని అరిచాను. నా నోటి మాట పట్టుకుని చచ్చారని అరిచాను. వీధి మొత్తం బయటికొచ్చింది. ముసలమ్మ నా వంక ఎంతో కనికరంగా చూసి కొడుకుతో అంది: "పెద్దోళ్లు అట్లే అంటారు. పరీక్ష పెడతాండాడు. గమ్మునుండు."

ఒక్క క్షణం అనిపించింది. ఇంకొక్క కల. 'ఎవరూ రావద్దు, నన్ను ఒంటరిగా వదలండి' అందని చెబితే చాలు. వీళ్లు బతుకుతారు. నోటిదాకా వచ్చింది. పచ్చ చీర కూడా కళ్లకు కట్టింది. వెనక గడపలో సులోచన నిలబడి ఉంది. చూస్తోంది, అంతే.

"కల రాలేదు," అన్నాను. "నాకు రాదు. నాకు నిద్రే లేదు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత సిద్దప్ప మూట విప్పి కంబళి తీశాడు.

"తొందరేమి లేదప్పా," అన్నాడు. "నిదానంగా పండుకో. వొచ్చేదాకా ఉంటాం."

పొద్దు గూకింది. కంబళి అరుగు మీద పరిచారు. నాకు వినబడకూడదని గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నిద్ర చెడుతుందని.